పద్మలత పడుకునే బండి

శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభైకి, తారు రోడ్డు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా, అడవి బాటలో వ్యాను ఎడమ వెనక టైరు కోసుకుపోయింది. బండిలో ముగ్గురున్నారు. నడుపుతున్నది హన్మండ్లు. పక్క సీట్లో ఉన్నది బండి అమ్మే యాకూబు. వెనక మంచం మీద పడుకున్నది హన్మండ్లు భార్య పద్మలత. ఒకటిన్నర లోపల ఆమె కామారెడ్డి డయాలసిస్ సెంటర్లో ఉండాలి. ఆ వేళ దాటితే ఆమె మెషిన్ వరసలో తర్వాతి వాళ్లకు పోతుంది.

చప్పుడు పెద్దగా రాలేదు. గోనెసంచి చింపినట్టయింది, బండి ఎడమకు ఒరిగింది. పద్మలత ఎడమ చేతిని పొట్ట మీదికి లాక్కుంది. సూదులు పెట్టే చెయ్యి అది. దాని మీద బరువు పడకూడదు. ఎనిమిది నెలలుగా ఏం జరిగినా ఆమె ముందు చూసుకునేది ఆ చేతినే.

యాకూబు దిగి కోసుకుపోయిన టైరు చూశాడు. చుట్టూ తిరిగి మిగతా మూడింటినీ కాలితో తన్ని చూశాడు.

"అన్నా, వీట్లల్ల గాలి ఎవలు తీసిండ్రు?"

హన్మండ్లు స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయలేదు. "నేనే తీసిన."

"ఎప్పుడు?"

"పొద్దుగాల. నువ్వు మొకం కడుక్కోను పోయినప్పుడు."

"ఎందుకు?"

"మెత్తగ పోతదని. నిన్న వచ్చేటప్పుడు పద్మ పానం మీదికొచ్చింది. నువ్వు చూడలేదా?"

"మెత్తగ పోనీకి ఇది ఇసుకానే? కండ్ల ముందట రాళ్లు కనబడ్తలేవా?"

హన్మండ్లు దిగి వచ్చి టైరు పక్కన కూర్చున్నాడు.

అతను ఖతర్‌లో పదమూడేండ్లు డ్రైవరుగా చేశాడు. చలికాలం వస్తే షేక్ కుటుంబం ఎడారికి పోయి నెలో రెండు నెలలో ఉండేది. మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు ఉన్న బండ్లను అతను నడిపేవాడు. తారు అయిపోయి ఇసుక మొదలైన చోట దిగి నాలుగు టైర్లలో సగం గాలి తీసేవాడు. తిరిగి తారు ఎక్కేటప్పుడు నింపేవాడు. గాలి తగ్గిన టైరు పరుచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. గాలి తీయకుండా పోయి దిగబడ్డ బండ్లను తాడు కట్టి లాగింది కూడా అతనే. తారు అయిపోతే గాలి తీయాలని అతని చేతులకు తెలుసు. పోచారం అడవి అంచున తారు అయిపోయాక ఉన్నది ఇసుక కాదు. వానలకు మట్టి కొట్టుకుపోయి అంచులు తేలిన రాళ్లు. గాలి తగ్గితే టైరు పక్కలు ఉబ్బుతాయి. టైరు పలచగా ఉండేది పక్కల్లోనే.

"సరే, స్టెప్నీ తియ్యి" అన్నాడు హన్మండ్లు.

"స్టెప్నీ షెడ్డుల ఉన్నది. మంచం కింద జాగ గావాలంటిరి గద!"

పద్మలత విన్నది. జాగా అడిగింది ఆమే. బకెట్టుకూ బట్టల సంచికీ కావాలంది. స్టెప్నీ ఉన్న చోట ఇప్పుడు ఆ రెండూ ఉన్నాయి.

సోమ, బుధ, శుక్రవారాలు ఆమెకు మెషిన్. మొదట్లో ఇంటి నుంచే పోయి వచ్చేవాళ్లు. నాలుగు కిలోమీటర్లు అడవి బాటలో మోటర్ సైకిల్, తారు రోడ్డు మీద ఎల్లారెడ్డి బస్సు, అక్కడి నుంచి కామారెడ్డికి ఇంకో బస్సు. తిరుగు ప్రయాణంలో రెండుసార్లు బస్సు దిగుతూ పడిపోయింది. తర్వాత కామారెడ్డిలో ప్రమీలమ్మ అనే ఆమె ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఐదు నెలలు ఉన్నారు. ప్రమీలమ్మ బిడ్డ కాన్పుకు వస్తోంది, గది కావాలంది. ఖాళీ చేసిన రోజు హన్మండ్లు ఇంకో గది కోసం తిరుగుతానంటే పద్మలత వద్దంది.

"వారంల మూడు రోజులు మెషిన్‌కిచ్చిన. కడమ నాలుగు రోజులు నా ఇంట్ల ఉంట. మల్లా గది అంటే, మెషినే వద్దు నాకు."

ఆ మాట గట్టిగా అనలేదు. జొన్నలు చెరుగుతూ అంది. హన్మండ్లు ఆమె ముఖం చూశాడు. మరుసటి రోజు ఎల్లారెడ్డిలో యాకూబు షెడ్డుకు పోయి, ఊళ్లో ఆపుకుని ఉండటానికీ అడవిలో పోవటానికీ పనికొచ్చే బండి కావాలన్నాడు.

షెడ్డులో రెండు బండ్లున్నాయి. ఒకటి పొడుగు వ్యాను. ముందు కంటి పరీక్షల క్యాంపులకు తిరిగింది. లోపల నిలబడొచ్చు. ఆరడుగుల మంచం, చేతులు కడుక్కునే తొట్టి, ఫ్యాను ఉన్నాయి. రెండోది తండా దేవీసింగ్ అమ్మకానికి పెట్టిన జీపు. నాలుగు చక్రాలూ తిరిగే ఫోర్ వీల్. కూలీలను తోలిన బండి. వెనక రేకుల డబ్బా, రెండు బల్లలు. లోపల నిలబడటం కాదు, నిటారుగా కూర్చోవటమే కష్టం.

"ఊర్ల ఉండనీకి వ్యానే" అన్నాడు హన్మండ్లు. "అడివంటవా, నడిపేటోన్ని నేనున్న గద."

పద్మలతను ఎవరూ అడగలేదు. అడిగితే ఆమె కూడా వ్యానే అనేది. నచ్చితేనే కొనాలని వ్యాను తెచ్చుకున్నారు. బుధవారం మెషిన్ అయ్యాక సెంటర్ పక్క సందులో వ్యాను ఆపుకుని ఆ రాత్రి అందులోనే ఉన్నారు. పరదా లాగి, నిలబడి, ఆమె చీర మార్చుకుంది. ఇంకొకరి స్నానాల గది తలుపు దగ్గర నిలబడి అడుక్కోకుండా ఊళ్లో చీర మార్చుకోవటం అదే మొదటిసారి. గురువారం యాకూబే నడుపుతూ ఇంటి దాకా వచ్చాడు. బాట ఎట్లుందో చూడాలన్నాడు, రాత్రి వాళ్లింట్లోనే ఉన్నాడు. అడవిలో నాలుగు కిలోమీటర్లకు యాభై నిమిషాలు పట్టింది. ప్రతి రాయీ ఆమె వీపుకు తగిలింది. హన్మండ్లు దారి పొడుగునా వెనక్కి తిరిగి ఆమెనే చూశాడు. శుక్రవారం పొద్దున గాలి తీసింది అందుకు.

బాట మీద ఫోన్‌కు సిగ్నల్ లేదు. యాకూబు పక్కనున్న గుట్ట ఎక్కాడు. పదీ ఐదుకు దిగి వచ్చి, దేవీసింగ్ షెడ్డు కాడికి పోయి జీపు తీసుకొస్తున్నాడని చెప్పాడు. స్టెప్నీ ఉన్న గది తాళం యాకూబు దగ్గరే ఉంది. చెట్టు కింద కూర్చుని బీడీ ముట్టించాడు.

పడుకుంటే ఆయాసం వస్తోంది. పద్మలత లేచి కూర్చుంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. హన్మండ్లు మెట్టు మీద కూర్చున్నాడు.

"నీళ్లు తాగుతవా?"

"ఇయ్యాల్టి మూడు గ్లాసులల్ల ఒకటి అయ్యింది. ఉండనీ."

అతను నీళ్ల సీసా మూత బిగించాడు.

"తిట్టన్న తిట్టు" అన్నాడు హన్మండ్లు.

"తిట్టనీకి ఓపికుంటే నడిచే పోదును."

ఆమె మంచం బద్ద మీద వేళ్లు ఆనించి అడిగింది.

"ఏమయ్యా, ఖతర్ల గా బండ్లల్ల నువ్వు పండుకునేటోనివా?"

"నేనా? నేను బయట. బండి పక్కకు చాప ఏసుకుని."

"పదమూడేండ్లు?"

"పదమూడేండ్లు."

"ఒక్క దినమన్న లోపల పండుకోలే?"

"మనల్ని పండుకోనిస్తరా?"

"మరి లోపలున్నోల్లకు ఎట్లుంటదో నీకేం ఎరుక?"

చెట్టు కింద నుంచి యాకూబు నవ్వాడు. "అక్కా, గిది గీ పొద్దు టైరుకు ముందట అడగకపోతివి!"

పదకొండూ ఐదుకు జీపు వచ్చింది. దేవీసింగ్ దిగి వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందన్నా, ఒంటెల తొవ్వ అనుకుంటివా?"

"అయింది, ఎక్కియ్యి" అన్నాడు హన్మండ్లు.

వ్యానులోని పరుపు తీసి జీపు బల్ల మీద వేశారు. జీపు వెనక భాగం ఎత్తు. దేవీసింగ్ సీటు కింది నుంచి ఒక చెక్క పీట తీసి కింద పెట్టాడు. ఇంట్లో ముసలామె కోసం ఉంచిన పీట అన్నాడు. పద్మలత కుడి చేత్తో కడ్డీ పట్టుకుని, పీట మీద కాలు పెట్టి, ఎవరూ ఎత్తకుండా ఎక్కింది. కూర్చుంటే తల రేకుకు తగిలింది. మెడ వంచుకుంది.

దేవీసింగ్ మనిషి నడకంత వేగంతో పోయాడు. రెండు చోట్ల దిగి బాట చూసి వచ్చాడు. ఒక చోట రాయిని దొర్లించాడు. జీపు ఎత్తెత్తి వేసింది, ఎక్కడా చిక్కుకోలేదు. రెండు కిలోమీటర్లకు ముప్పై నిమిషాలు. హన్మండ్లు ఆమె ఎదురు బల్ల మీద కూర్చుని, ఆమె ఎడమ మోచేతికీ రేకుకూ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. తారు ఎక్కేసరికి అతని వేళ్ల మీద చర్మం లేచింది.

ఎల్లారెడ్డిలో యాకూబు స్టెప్నీ కోసం దిగిపోయాడు. ఒంటిగంటా ఇరవైకి జీపు సెంటర్ ముందు ఆగింది. టెక్నీషియన్ వినీత రిజిస్టర్ పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"ఇంకో పది నిమిషాలైతే మెషిన్ వేరే వాళ్లకు పెట్టేదాన్నమ్మా. ఏమైంది?"

"టైరు."

బరువు చూశారు. బుధవారం కంటే మూడు కిలోల నాలుగు వందల గ్రాములు ఎక్కువ, అంతా ఒంట్లో చేరిన నీరే. ఒంటిగంటా నలభై ఐదుకు సూదులు పెట్టారు. పద్మలత కండ్లు మూసుకుంది.

ఐదూ నలభై ఐదుకు మెషిన్ ఆగింది. సూదుల చోట దూది ఒత్తుకుని బయటికి వస్తే హన్మండ్లు మెట్ల దగ్గర ఉన్నాడు. చొక్కా వెనక తుప్పు మరకలున్నాయి.

"ఏందది?"

"జీపుల పండుకున్న."

"ఎంత సేపు?"

"నువ్వు లోపలున్నంత సేపు. దేవీసింగ్‌ను సందుల అటిటు తిప్పుమన్న. గుంతలల్ల కూడ." అతను తల వెనక తడుముకున్నాడు. "తలకాయ దిక్కు రేకు తగులుతది. తలుపు సందుల కెల్లి దుమ్మొస్తది. నడుము కింద బల్ల అతుకు ఉన్నది, పరుపేసినా గుచ్చుతది. నువ్వు చెప్పకపోతివి."

"నువ్వు అడిగితివా?"

దేవీసింగ్ జీపుకు ఆనుకుని వింటున్నాడు. "కప్పు జానెడు లేపిచ్చుకోవచ్చక్కా. అతుకు నేనే చెక్కిస్త."

హన్మండ్లు అతని వైపు చూడలేదు. "ఏది తీసుకుందం, పద్మా? దీంట్ల నిలబడనీకి రాదు. చీర ఎట్ల మార్చుకుంటవు?"

పద్మలత దూది తీసి చూసింది. రక్తం ఆగింది.

"కూసోని మార్చుకుంట. జీపే తీసుకో. గాలి తియ్యనని చెప్పి తీసుకో."

పీట కింద పెట్టారు. ఆమె ఎక్కి పడుకుంది. తల కింద హన్మండ్లు తువ్వాల మడిచి పెట్టాడు. ఎల్లారెడ్డిలో ఆగి యాకూబుకు జీపు ఖాయమని చెప్పారు. వ్యాను దగ్గరికి స్టెప్నీ తీసుకుని రేపు పోతానన్నాడు యాకూబు. హన్మండ్లు అతని దగ్గర గాలి చూసే మీటరు అడిగి తీసుకున్నాడు. అడవి బాట మొదట్లో దేవీసింగ్ జీపు ఆపి దిగాడు, స్టీరింగ్ హన్మండ్లుకు ఇచ్చి పక్క సీట్లోకి మారాడు. వ్యాను ఒరిగిన చోటే ఉంది. పక్క నుంచి పోయారు.

తొమ్మిదింటికి ఇల్లు చేరారు. పద్మలత పీట మీద కాలు పెట్టి దిగి లోపలికి పోయింది. హన్మండ్లు ఫోన్ లైటు వెలుగులో నాలుగు టైర్లకూ మీటరు పెట్టి గాలి నిండుగా ఉందో లేదో చూశాడు. ముప్పై రెండు, ముప్పై రెండు, ముప్పై ఒకటి, ముప్పై రెండు.