నవాబు గది గడియ

"వెళ్లాడా?" అని అడిగాడు మా ఆయన నజీర్ ఫోన్లో.

"లేదండీ. నేను బయల్దేరేదాకా వెళ్లలేదు" అన్నాను, ఆఫీసులో పక్క సీట్లో పనిచేసే శ్రీరమ్యకి వినపడకుండా గొంతు తగ్గించి. మిర్చి సీజను. మా కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర్నుంచి మెయిన్ రోడ్డు దాకా లారీలు బారులు తీరి ఉన్నాయి. దిగిన బస్తాలన్నీ కంప్యూటర్లో ఎక్కించడం నా పని. ఘాటుకి తుమ్ముతూ, ముక్కు తుడుచుకుంటూ ఎక్కిస్తుంటే మధ్యలో ఈ ఫోను. వెళ్లాల్సింది మా ఇంట్లో పిల్లి. పేరు నవాబు. వెళ్లాల్సిన చోటు దొడ్డి. మా ఆయనకి బ్రాడీపేటలో మోటార్‌సైకిళ్ల స్పేర్ పార్టుల షాపుంది. ఎవరో స్నేహితుడు ఊరు మారుతూ ఈ తెల్లటి పర్షియన్ పిల్లిని ఆయన చేతిలో పెట్టిపోయాడు. ఆయన తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముద్దు చేయడం, ఫోటోలు తీసి స్టేటస్ పెట్టుకోవడం ఆయన వంతు. ట్రేలో ఇసుక మార్చడం, వాంతులు తుడవడం నా వంతు. నవాబుకి మలబద్ధకం పట్టుకున్నాక గుమ్మడికాయ ఉడికించి మెత్తగా చిదిమి తిండిలో కలపడం, పొట్ట నిమరడం, రెండు పూటలా సిరంజితో సిరప్ పట్టించడం కూడా నా వంతులోకే వచ్చి పడ్డాయి. ఇలాంటి పంపకాలు మా ఇంట్లో ఎవరూ కూర్చుని చేయరు. వాటంతటవే జరిగిపోతాయి.

"సిరప్ మొత్తం మింగాడా? ఉమ్మేయలేదుగా?"

"మింగాడండీ."

"పాపం, మొహం ఎంత పీక్కుపోయిందో చూశావా? సాయంత్రం తొందరగా వచ్చెయ్. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం."

ఫోను పెట్టేశాక నాకు నవ్వొచ్చింది. ఆ మాటకొస్తే పొద్దున్నుంచీ నేనూ వెళ్లలేదు. నా మొహం ఎవరూ చూడలేదు.

మా ఇంట్లో బాత్రూము ఒక్కటే, వెనక వరండా చివర. దాని తలుపుకి లోపల గడియ లేదు. ఒకప్పుడు ఉండేది. నేను కాపురానికొచ్చిన కొత్తలో మామయ్య లోపల కళ్లు తిరిగి పడిపోతే, తలుపు విరగ్గొట్టి బయటికి తీశారు. తలుపు బాగుచేయించారు గానీ గడియ మాత్రం మళ్లీ పెట్టించలేదు. "పెద్దాయన ఉన్న ఇంట్లో గడియ ఎందుకే, మళ్లీ ఏదైనా అయితే?" అంది అత్తమ్మ. ఆ మాటకి ఎదురు చెప్పలేం. మనిషి ప్రాణం మీదికొచ్చిన సంగతి. చెబితే నేను ముసలాయన చావు కోరుకున్నట్టుంటుంది. అయినా ఒకసారి ధైర్యం చేసి, "గడియ ఉంటే మామయ్య పెట్టుకోవద్దులే అత్తమ్మా, నేను పెట్టుకుంటాను" అన్నాను. అత్తమ్మ నజీర్ వంక చూసి నవ్వింది. ఆయనా నవ్వాడు. "మనింట్లో మనకెందుకు గడియలు, ఎవరొస్తారు దొంగలు?" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగానో నాకే గుర్తులేదు. ఆయన షాపులో ఉన్నవి స్క్రూలూ నట్లే. గడియ తేవడం మాత్రం ఏనాడూ గుర్తుండలేదు.

గడియ లేని తలుపు వెనక కూర్చోవడం ఎలా ఉంటుందో మగాళ్లకి చెప్పడం కష్టం. తలుపుకి నీళ్ల బకెట్ అడ్డం పెట్టాలి. ఒక చెయ్యి చాపి తలుపు పట్టుకునే కూర్చోవాలి. వరండాలో చెప్పుల చప్పుడైతే చాలు, "నేనున్నా" అని అరవాలి. అరవడం ఒక్క క్షణం ఆలస్యమైంది ఒకసారి. వరండాలో గాలికి కుర్చీ వేసుకుని కూర్చునే మామయ్య లేచొచ్చి తలుపు తోశాడు. బకెట్ పడింది. ఆయనా పాపం బిత్తరపోయి గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ఆ రోజంతా నేను ఎవరి మొహమూ చూడలేకపోయాను. "పెద్దాయన, చూపే ఆనదు, ఏం చూస్తాడే" అంది అత్తమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయనకి కనపడిందా లేదా అన్నదా లెక్క? నేను కనపడేలా ఉన్నాను కదా.

అప్పట్నుంచీ మామయ్య వరండాలో ఉండగా బాత్రూము వైపు వెళ్లను. ఆయన కుర్చీలోంచి లేచేది నమాజుకే. మసీదులో అజా వినపడగానే టోపీ పెట్టుకుని బయల్దేరతాడు. అల్లా నన్ను క్షమించాలి గానీ, అజా వినపడగానే నా ఒళ్లు ముందు లేచేది బాత్రూముకే. కానీ అదే అజాకి అత్తమ్మా లేస్తుంది. "ఉండవే, కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకోవాలి. ఆపుకుని నమాజుకి నిలబడకూడదు" అంటూ నాకంటే ముందు లోపలికెళ్తుంది. నిజమే, నిలబడకూడదు. నేను బయట నిలబడతాను. అత్తమ్మ బయటికొచ్చి, నేను లోపలికెళ్లి, బకెట్ సర్దుకునేసరికి మామయ్య చెప్పులు మళ్లీ గుమ్మంలో వినిపిస్తాయి. ఒంట్లోంచి బయటికి రావలసింది భయపడి వెనక్కి పోతుంది. ఇన్నేళ్లుగా అది అలాగే వెనక్కి పోతూ ఉంది.

పోనీ ఆఫీసులోనైనా అంటే, అక్కడున్నది హమాలీలూ లారీ డ్రైవర్లూ వాడేది. ఆ గుమ్మం దాకా వెళ్లి ముక్కు మూసుకుని వెనక్కి రావడమే. షెడ్డులో తాలు కాయలు ఏరే ఆడవాళ్లు గోడ వెనక్కి జంటలుగా వెళ్తారు, ఒకరు గోనెసంచి పట్టుకుని అడ్డం నిలబడతారు. వాళ్లలో అంకమ్మకి నేనంటే ఇష్టం. "అమ్మాయ్, సిగ్గుపడితే అయ్యే పని కాదు. నేను సంచి పడతా రా" అంటుంది. "అయితే చేతులు మాత్రం ముందే కడుక్కో. మిరపకాయ ముట్టుకున్న చేత్తో వెళ్లావా, ఇంక నాట్యమే" అని పకపకా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను, వెళ్లను. నీళ్లు తాగడం మానేశాను, అంతే. పొద్దున ఒక కప్పు టీ, మళ్లీ సాయంత్రం. తెచ్చుకున్న బాటిల్ నిండుగానే ఇంటికి తిరిగొస్తుంది.

పోయినేడు మంటా జ్వరమూ వస్తే లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఇన్ఫెక్షన్ అంది. మాత్రలు రాసి, "నీళ్లు బాగా తాగండి, ఆపుకోకండి, మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీల దాకా పోతుంది" అంది. బయట బెంచీ మీద ఫోన్ చూసుకుంటున్న నజీర్‌కి చెప్పాను. "నీళ్లు తాగమని కూడా డాక్టర్ చెప్పాలా? దానికి అయిదొందల ఫీజు" అన్నాడు. మంట తగ్గింది. మళ్లీ వచ్చింది. మళ్లీ అవే మాత్రలు. ఇప్పుడు కూడా, ఈ కుర్చీలో, పొత్తికడుపులో ఆ పాత సలుపు మెల్లగా మొదలవుతోంది. నాకు భయమేస్తోంది. కానీ ఈ భయాన్ని ఎవరికి చెప్పాలన్నా ముందు బాత్రూము మాట ఎత్తాలి, ఆ మాట వినగానే మా ఇంట్లో అందరికీ నవ్వొస్తుంది.

సాయంత్రం నవాబుని బుట్టలో పెట్టుకుని వెళ్లాం. డాక్టర్ మాధురి చిన్నపిల్ల, ఓపిగ్గా మాట్లాడుతుంది. పొట్ట నొక్కి చూసి, "గట్టిపడిపోయిందండీ, రాయిలాగా" అని ఎనిమా ఇచ్చింది. నవాబు నా చేతులు రక్కేశాడు. నజీర్ అది చూడలేక మొహం తిప్పుకున్నాడు.

"ట్రే ఎక్కడ పెట్టారు?" అని అడిగింది డాక్టరు.

"హాల్లోనేనండీ, టీవీ పక్కన" అన్నాడు నజీర్.

"అదే మరి. పిల్లికి సిగ్గెక్కువండీ. జనం తిరిగే చోట, చప్పుడున్న చోట వెళ్లదు. ఎవరైనా వస్తారేమోనని భయం ఉంటే అసలే వెళ్లదు. ఆపుకుంటుంది. ఆపుకుని ఆపుకుని చివరికి వెళ్దామన్నా వెళ్లలేదు. సిరప్ వేయండి, నీళ్లు ఎక్కువ పట్టండి. కానీ మందొక్కటే చాలదు. దానికంటూ ఒక చోటు ఇవ్వండి, శుభ్రంగా, ఎవరూ రాకుండా."

నేను పిల్లిని ఒళ్లో పెట్టుకుని ఆ అమ్మాయి నోటి వంకే చూస్తూ కూర్చున్నాను. ఎవరో నా లోపల చెయ్యి పెట్టి నా బాధని బయటికి తీసినట్టుంది. నజీర్ వంక చూశాను. ఆయన కళ్లలో నీళ్లు. "నాకు తెలీదండీ, ఇంత బాధపడుతోందని అసలు తెలీదు" అంటున్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు. నా మొగుడు రాతి మనిషి కాదు. ఆ సంగతి అప్పుడు తెలియడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు ఆదివారం. షాపు మూసేసి, పొద్దున్నే చొక్కా విప్పి పనిలోకి దిగాడు. మెట్ల కింద చిన్న గదిలో బియ్యం మూటలు, పచ్చడికి దాచిన ఎండుమిర్చి సంచి ఉండేవి. అన్నీ వంటింట్లోకి మార్పించాడు. మోసింది నేనే అనుకోండి. గది కడిగి, సున్నం వేసి, జీరో బల్బు పెట్టాడు. కొత్త ట్రే, కొత్త ఇసుక. ఆఖర్న బజారుకెళ్లి ఇత్తడి గడియ ఒకటి తెచ్చి తలుపుకి బయటివైపు బిగించాడు. "వాడు లోపలుండగా పొరపాటున ఎవరూ తోసెయ్యకుండా" అన్నాడు. గడియ తళతళా మెరుస్తోంది. ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది.

"ఇలాంటిదే ఇంకొకటి బాత్రూముకి తేవాల్సిందండీ" అన్నాను, వీలైనంత మామూలుగా.

"అబ్బా, మళ్లీ మొదలెట్టావా?" అన్నాడు, స్క్రూ తిప్పుతూనే. "అది నోరు లేని జీవం షిరీన్. నీకేం, నోరుంది. నేనున్నా అంటే సరిపోతుంది."

నోరుంది కాబట్టే కదా ఇన్నాళ్లూ అడిగాను! నోరు లేనిది ఏం కావాలో చెప్పకపోయినా విన్నారు, నోరున్నది చెబితే నవ్వారు. ఇదంతా అనాలనుకున్నాను. గుమ్మడికాయ పొయ్యి మీద మాడుతోంది, వంటింట్లోకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం నవాబుని లోపలికి పంపి గడియ పెట్టారు. ఇల్లంతా చప్పుడు లేదు. మామయ్య టీవీ కట్టేశాడు. నేను గిన్నె దించితే అత్తమ్మ, "ష్, లోపల ఉన్నాడే" అని కసిరింది. నజీర్ తలుపు దగ్గర నేల మీద కూర్చుని కాపలా కాశాడు. చాలాసేపటికి లోపల ఇసుక గీకుతున్న చప్పుడు. తలుపు తీసి చూసి, "వెళ్లాడు!" అని ఒక్క కేక పెట్టాడు. అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి అల్‌హమ్దులిల్లా అంది. ట్రేలో ఉన్నదాన్ని ఫోటో తీసి డాక్టరుకి పంపించాడు. వాడి పొట్ట పొద్దుటి నుంచీ నిమిరినదాన్ని కాబట్టి నాకూ సంతోషమే వేసింది. అబద్ధం ఎందుకు, నవాబంటే నాకు కోపం లేదు.

ఆ సందట్లో అందరూ మెట్ల దగ్గరే ఉన్నారు కదా, వరండా ఖాళీ కదా అని గబగబా బాత్రూములోకి దూరాను. బకెట్ అడ్డం పెట్టుకుని, చెయ్యి చాపి కూర్చున్నాను. మంట పుడుతోంది, పళ్లు బిగపట్టాను. ఇంకొక్క నిమిషం. అంతలో తలుపు కదిలింది.

"నేనున్నా!" అని అరిచాను.

"తెలుసులే" అంది నజీర్ గొంతు. బకెట్ జరిగింది. సందులోంచి ఆయన చెయ్యి మోచేతి దాకా లోపలికొచ్చి గాల్లో వెతికింది. "ఆ ఫినాయిల్ సీసా ఇటివ్వు. నవాబు గదిలో వాసన రాకూడదంట."

ఆ చెయ్యి నా మొహానికి జానెడు దూరంలో ఉంది. వేలికి మా పెళ్లి ఉంగరం. నేను ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చెయ్యి చాపి ఫినాయిల్ అందించాను. "థాంక్స్" అని చెయ్యి వెళ్లిపోయింది. నాకు రావలసింది రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది, అది కూడా చప్పుడు లేకుండా.

బయటికొచ్చి మొహం కడుక్కుని, ఆయన పనిముట్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవర్ తీసుకున్నాను. నజీర్ నవాబు కబురు చెప్పడానికి స్నేహితుడికి ఫోన్ చేసుకుంటూ వీధి అరుగు మీదికి వెళ్లాడు. నవాబు గది తలుపుకున్న గడియ ఊడదీయడానికి ఎంతోసేపు పట్టలేదు, స్క్రూలు కొత్తవి.

బాత్రూము తలుపు లోపల పాత గడియ బొక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటికి కాస్త పైన పెట్టి బిగించాను. చెక్క గట్టిది, అరచెయ్యి కందిపోయింది. మామయ్య కుర్చీలోంచి చూస్తున్నాడు.

"ఏందమ్మా అది?"

"గడియ మామయ్యా. మీరు పెట్టుకోవద్దు. నేను పెట్టుకుంటాను."

ఆయన లేచి, కుర్చీ వరండా అవతలి చివరికి జరుపుకుని, పెరటి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు.

అత్తమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నీకేమైనా మతిపోయిందా? వాడు అంత కష్టపడి పెట్టిందాన్ని! మరి నవాబుకి?"

"తలుపు దగ్గరికేస్తే వాడికి చాలు అత్తమ్మా. పిల్లి గడియ పెట్టుకోలేదు."

వంటింట్లోకెళ్లి రెండు గ్లాసుల నీళ్లు, నిలబడే, గటగటా తాగేశాను. రేపు మళ్లీ ఇదే ట్రే, ఇదే సిరప్, ఇవే లారీలు. ఆఫీసులో ఆ గుమ్మం అలాగే ఉంటుంది. అక్కడి సంగతి ఇంకా తేలలేదు. ఇంత పెద్ద ఇంట్లో నేను సంపాదించుకున్నది నాలుగడుగుల బాత్రూములో ఒక గడియ. అది కూడా పిల్లి దగ్గర తీసుకున్నది. తల్చుకుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

లోపలికెళ్లి తలుపేసి గడియ పెట్టాను. కొత్తది కదా, బిగుతుగా పడింది. బకెట్ పక్కకి జరిపాను. కూర్చున్నాను.

వీధిలోంచి నజీర్ చెప్పులు లోపలికొచ్చాయి. మెట్ల దగ్గర ఆగాయి. అత్తమ్మ ఏదో చెప్పింది. చెప్పులు ఇటు నడిచాయి. ఆయన ఎప్పటిలాగే తలుపు తోశాడు. తలుపు రాలేదు. మళ్లీ తోశాడు. నా చెయ్యి అలవాటు చొప్పున సగం దాకా లేచింది.

"షిరీన్! లోపలున్నావా? నవాబుకి సిరప్ టైమైంది!"

నేనున్నా అనలేదు. లేచిన చెయ్యి దించి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.