ఐసులో పెట్టిన ముక్క

ఉదయగిరిలో చేపలమ్మే వెంగమ్మ నోరు ఎంత గట్టిదో బజారంతటికీ తెలుసు. అంతటి మనిషీ ఆత్మకూరు పళ్ళాసుపత్రిలో నోట మాట రాక కూర్చుంది. పక్కనే కూతురు అంజలి, ఇంటర్ చదివే పిల్ల, వాచిన దవడకు చున్నీ అడ్డం పెట్టుకుని ఉంది.

"ఫోన్లో చెప్పాను కదమ్మా," అంది డాక్టర్ సుస్మిత. "ఇది క్యాన్సర్ కాదు, పెద్ద కణాల గడ్డ. కానీ ఎముకను తినేస్తుంది. అందులో రిసెప్టర్లని గుర్తులు కనపడితే ఇంజెక్షన్లతోనే తగ్గించి చూద్దామనుకున్నా. రిపోర్టులో అవి లేవు. నెల్లూరుకు రాసిస్తా, దవడలో ఆ భాగం తీసేయాల్సిందే."

వెంగమ్మ బల్ల మీది రిపోర్టు వైపు చూసింది.

ఆ రిపోర్టు కోసం గడ్డలోంచి తీసిన ముక్కను మందునీళ్ళ సీసాలో వేసి, నెల్లూరు ల్యాబులో ఇమ్మని ఇచ్చింది ఈ డాక్టరే. మూత తీస్తే పరీక్ష పాడవుతుందనీ చెప్పింది. పొద్దుపోయిందని వెంగమ్మ దాన్ని ఇంటికి తెచ్చింది. ఊరుకుందా, మూత తీసి చూసింది. ఘాటుకు కళ్ళు మండిపోయాయి. ఇంత ఘాటు మందులో బిడ్డ కండ కరిగిపోదూ అని ఆమె భయం. కండ చెడకుండా దాచడం చేపలమ్మే మనిషికి ఒకరు నేర్పాలా? మందును గ్లాసులోకి వంచేసి, ముక్కను శుభ్రంగా కడిగి, రాత్రంతా చేపల పెట్టెలో ఐసు మీద పెట్టింది. పొద్దున మళ్ళీ మందులో వేసి అప్పగించి వచ్చింది. ఏం తెలివి, ఏం తెలివి!

నెల్లూరుకు చీటీ రాయడానికి డాక్టరు పెన్ను తీసింది.

"రాయబాకమ్మా," అంది వెంగమ్మ. "ఆ ముక్కను నేను కడిగినాను. ఐసులో పెట్టినాను. ల్యాబులో అడిగితే, తెరవలేదని అబద్ధం చెప్పినాను."

సుస్మిత పెన్ను కింద పెట్టింది. "అయితే ఈ రిపోర్టును నమ్మలేం. ఇప్పుడే ఇంకో ముక్క తీయాలి. ఈసారైనా గుర్తులుంటాయని మాత్రం మాటివ్వలేను."

అంజలి తల్లి వైపు తిరిగింది. "ఫోన్ వచ్చి వారమాయె గదమ్మా. అప్పుడే ఎందుకు చెప్పలా?"

"తిడతారని."

అన్న తర్వాత ఆ మాట తన చెవికే రోతగా వినపడింది. నాలుగు తిట్లకు భయపడి పిల్ల దవడ కోయించబోయింది. ఇట్లాంటి తల్లి ఎక్కడైనా ఉంటుందా అనుకుంది వెంగమ్మ.

అంజలి లేచి, పళ్ళు చూసే వాలు కుర్చీ ఎక్కి వెనక్కి వాలి, మత్తు సూదికి నోరు తెరిచింది. వెంగమ్మ దగ్గరికి పోయి చెయ్యి చాపింది. పిల్ల ఆ చేతిని చూసింది. చూసి, కుర్చీ పిడినే గట్టిగా పట్టుకుంది.