ఆకుపచ్చగా మారిన ఫిరోజా

ఫిరోజా రాయి పెట్టుకున్న మనిషికి ప్రాణం మీదికొస్తే, దాని నీలం వెలిసి ఆకుపచ్చబడుతుందని మా ఆయన లెనార్డ్ ప్రిడో తన పుస్తకంలో రాశాడు. నగల వర్తకుడు నగలు చేసుకోక రాళ్ల మహిమలు, తాయెత్తులు, గ్రహాల గురించి రాయడమేమిటని నేను దెప్పుతూనే ఉన్నాను. లండన్ ఆడవాళ్లు మాత్రం ఆ పుస్తకాన్ని ఎగబడి కొన్నారు. చేతులు చాపుకుంటూ దుకాణానికి వచ్చేవాళ్లు.

"నా రాయి చూడండి ప్రిడో గారూ, నేను పోతానా?"

"రంగు మారింది సబ్బు వల్లండీ. ఉంగరం తీసి చేతులు కడుక్కోండి."

వాళ్లు గుమ్మం దాటాక ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్లం.

ఈ చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. పొగమంచు వల్లనన్నాడు డాక్టరు. నాకు నమ్మకం కుదరలేదు, మా అమ్మ ఇలాంటి దగ్గుతోనే పోయింది. లెన్ నాకు పెళ్లికి ముందు తొడిగిన ఉంగరంలో ఉన్నది ఫిరోజాయే. వాళ్లను చూసి నవ్విన నేనే రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి దాన్ని చూసుకోసాగాను. నీలంగా ఉంటే ఆ పూటకి ఊపిరాడేది. పోయిన వారం మరీ నీలంగా కనిపించేసరికి సంబరపడిపోయాను.

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు," అన్నాడు లెన్, టీ కప్పులోకి చూస్తూ.

నిన్న చేతికి ఉన్ని తొడుగు వేసుకుంటుంటే ఉంగరం దారానికి తగులుకుంది. రాయిని పట్టి ఉంచే ఆ కొక్కేలు ఎప్పుడో అరిగి నున్నబడ్డాయి, దేనికీ తగులుకోవు. వేలితో తడిమాను. గరుకుగా ఉన్నాయి. పడుకునేముందు ఉంగరం తీసి బల్లమీద పెట్టడం నా అలవాటు. ఎవరో రాత్రిపూట ఆ కొక్కేలు విప్పి, మళ్లీ బిగించి కొత్తగా ఆకురాయి పట్టారు.

లెన్ పనిగదిలోకి వెళ్లి చెయ్యి చాపాను. "నా రాయి ఏది?"

"ఏ రాయి?"

"నాటకాలొద్దు లెన్."

కోటు లోపలి జేబులోంచి తీశాడు. రాయి నాచు రంగులో ఉంది.

"సబ్బు వల్లే, ఈడీ."

"ఉంగరంతో నేను ఏనాడైనా చెయ్యి కడిగానా?"

"లేదు."

"మరి?"

"పుస్తకంలోవన్నీ ముసలమ్మ కబుర్లు. రాసినవాణ్ణి నేనే చెబుతున్నా కదా."

"అయితే అది ఉత్త రాయేగా. పగలగొట్టు."

లెన్ రాయిని ఇనప దిమ్మ మీద పెట్టి సుత్తి ఎత్తాడు. నాకు దగ్గు వచ్చింది, నోరు నొక్కుకున్నాను. కొట్టు, కొట్టెయ్యి అని లోపల బతిమాలుకున్నాను. అంత భయం నా జన్మలో ఎరగను.

లెన్ సుత్తి పక్కన పెట్టేశాడు. రాయి మీద రెండు చేతులూ కప్పి, తల వంచుకుని కూర్చున్నాడు.