మెరుగు గంట

నాకు కోపం ఎక్కువని మా బడి గోడలకు కూడా తెలుసు. తెలిసి ఏం లాభం? ఆరేళ్లుగా రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆ కోపాన్ని మింగేసి, పెద్ద మేడం పక్కన చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, నేనూ బ్రష్షు పట్టుకుంటూనే ఉన్నాను.

దాన్ని మేం మెరుగు గంట అంటాం. మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక, వాళ్లు పొద్దున వేసిన బొమ్మలను మేం బాగుచేస్తాం. నుదుటి మీద పెట్టిన కన్నును ముక్కు పక్కకు దించుతాం. నల్ల సూర్యుడికి పసుపు పూస్తాం. ఐస్‌క్రీం పుల్లల ఇల్లు వంకరగా వస్తే ఊడదీసి, మళ్లీ నిటారుగా అతికిస్తాం. తర్వాత కింద పిల్లల పేర్లు రాస్తాం. సిగ్గులేని పని.

"ఇంట్లో గోడకు తగిలించుకునేలా ఉండాలి కదమ్మా," అంటుంది పెద్ద మేడం. ఆవిడ చెడ్డది కాదు. ఏడ్చే పిల్లను ఒళ్లో పెట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చోగలదు. చెడ్డదైతే నేను ఎప్పుడో పోట్లాడి బయటపడేదాన్ని. ఒకసారి మాత్రం ఉండబట్టలేక అడిగాను.

"తను వేసింది కాదని పిల్లాడికి తెలియదా మేడం?"

"నాలుగేళ్ల వాడికేం గుర్తుంటుందమ్మా!"

నిజమే, చాలామందికి గుర్తుండదు. కొందరు మాత్రం తమ బొమ్మ ముందు అనుమానంగా కాసేపు నిలబడతారు. అమ్మానాన్నలు చప్పట్లు కొడుతుంటే వాళ్ల ముఖాలు చూసి, సరే ఇది నాదే కాబోలు అని నవ్వేస్తారు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చునేదాన్ని.

ఈ ఏడాది నా తరగతిలోకి పిడుగు వచ్చింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఎడమచేతి వాటం. ఆ చేతికి పుట్టుకతోనే మూడు వేళ్లు, బొటనవేలూ పక్కన రెండూ. ఆ మూడింటితోనే సీసా మూతలు తీసేది, జిప్పులు లాగేది, నా చెవి కూడా మెలిపెట్టేది.

వాళ్లమ్మ బస్సు కండక్టరు. మొదటి రోజు డ్యూటీకి వెళుతూ, భుజాన టిక్కెట్ల సంచితోనే గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచింది.

"టీచర్, ఒక్క మాట. దాని చేతికి మూడు వేళ్లని దానికి తెలుసు. తక్కువని తెలీదు."

నేను తలూపాను.

"ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరు చెప్పేస్తారు, ఆపలేను. బస్సులో రోజూ చూస్తుంటా కదా, జనం నోళ్లు ఎలాంటివో. ఈ ఒక్క ఏడాది ఇక్కడ ఆ మాట దాని చెవిన పడకుండా చూడండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"నా తరగతిలో ఎవరైనా అంటే నాలుక చీరేస్తాను," అన్నాను. ఆవిడ నవ్వి, బస్సు కోసం పరుగెత్తింది.

మాట నిలబెట్టుకున్నాను కూడా. నిజానికి నేను చేయాల్సింది పెద్దగా ఏమీ లేకపోయింది. అంకెలు నేర్పేటప్పుడు "మూడు వేళ్లు చూపించండి" అంటే మిగతా వాళ్లంతా చిటికెనవేలిని బొటనవేలితో నొక్కి పట్టలేక నానా అవస్థా పడేవారు. పిడుగు టక్కున చెయ్యెత్తి "అయిపోయింది!" అనేది. పక్కవాడు కుళ్లుకుని, తనకూ అలాంటి చెయ్యి కావాలని ఇంటికెళ్లి పేచీ పెట్టాడట.

ఏడాది చివర మా బడిలో ప్రతి పిల్లకూ ఒక చేతిముద్ర కార్డు ఇస్తాం. వెడల్పాటి పళ్లెంలో రంగు పోసి, స్పాంజితో అరచేతికి అద్ది, దళసరి అట్ట మీద ఆనించి, ఒక్కో వేలినీ పైనుంచి మెల్లగా నొక్కాలి. చెయ్యి తీసేటప్పుడు పిల్లలు కదిపారా, ముద్ర అలుక్కుపోతుంది. పిడుగు ఊపిరి బిగబట్టి, నారింజ రంగులో ఎడమ చెయ్యి వేసింది. ఒక్క చుక్క చెదరలేదు. తనే దాని మీద ఊదుతూ, "నా చెయ్యి ఎంత బాగొచ్చిందో చూడు టీచర్," అంది.

ఆ కార్డును మెరుగు గంటకు దొరకకుండా బీరువా అడుగున, పాత చార్టుల కింద దాచాను. మర్నాడు పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాను. దాచినదాన్ని చెప్పి పోవద్దూ? దీనికి మెరుగు పెట్టకండి మేడం అని ఒక్క ముక్క అనడానికి నోరు లేదా? అంటే మళ్లీ వాదన అవుతుందని దొంగలా దాచాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నేను లేని రోజున బీరువా మొత్తం సర్దారని తర్వాత తెలిసింది. చివరి రోజు పదింటికి హాలులో తాడు కట్టి ఇరవై రెండు కార్డులూ క్లిప్పులతో తగిలించి ఉన్నాయి. నేను తలుపు దగ్గర తల్లిదండ్రులను లోపలికి పంపిస్తున్నాను. చూస్తే పిడుగు తాడు వెంట నడుస్తూ, ఒక్కో కార్డు మీదా తన ఎడమ చెయ్యి ఆనించి చూసుకుంటోంది. ఆనించడం, తల అడ్డంగా ఊపడం, పక్క కార్డుకు జరగడం. చివరిదాకా వెళ్లి నా దగ్గరికి వచ్చింది.

"టీచర్, నాది ఎవరో పట్టుకెళ్లిపోయారు."

ఏడవడం లేదు. పోయిన వస్తువు టీచరు తెచ్చిస్తుందన్న నమ్మకంతో చెప్పింది. వెళ్లి పేర్లు చూసుకుంటూ వచ్చాను. తొమ్మిదోది పిడుగు కార్డు. నారింజ రంగు చెయ్యి, అయిదు వేళ్లు. ఆ రెండు వేళ్లనూ ఎంత ఓపికగా గీశారంటే, కణుపుల దగ్గర చర్మం ముడతలు కూడా సన్నని బ్రష్షుతో దించారు.

కోపం వస్తే నాకు ముందూ వెనకా కనిపించవు. కార్డును తాడు మీదనుంచి ఊడలాగి, పెద్ద మేడం ముఖం ముందు పెట్టాను.

"ఏంటిది మేడం?"

"మెల్లగా అమ్మా," అందావిడ చుట్టూ చూస్తూ. "ఇంట్లో పదేళ్లు ఉండే వస్తువు. చూసినప్పుడల్లా ఆ తల్లి మనసు కష్టపెట్టుకోకూడదనే కదా..."

"కష్టమా? ఎవరికి కష్టం?" నా గొంతు హాలంతా మోగింది. "ఆ పిల్లకున్నవి మూడే వేళ్లు! ఈ రెండూ మీరు గీసినవి! లేని వేళ్లు అతికించడానికి మీరెవరు? దాని చేతికేం తక్కువైందని బాగుచేశారు?"

"టీచర్!" వెనకనుంచి కండక్టరమ్మ గొంతు. "టీచర్, ఆగండి."

నేను ఆగలేదు. ఆరేళ్ల మంట ఒక్కసారిగా బయటికొచ్చింది. అక్కడున్న తల్లిదండ్రులందరికీ చెప్పేశాను, మీరు గోడలకు తగిలించుకున్న బొమ్మలు మీ పిల్లలవి కావు, మావి అని. సూర్యుళ్లు, కళ్లు, ఇళ్లు, ఏదీ వదల్లేదు. చేతిలోని కార్డును అడ్డంగా చింపేశాను. పెద్ద మేడం కుర్చీలో కూలబడి కొంగుతో ముఖం కప్పుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషం నాకు కడుపు చల్లబడింది.

ఆ ఊపులోనే లోపలికి వెళ్లి పళ్లెం, స్పాంజి, నారింజ రంగు, కొత్త అట్ట తెచ్చాను. అందరి ముందూ నేల మీద కూర్చున్నాను.

"రా తల్లీ. నీ కార్డు మళ్లీ చేసుకుందాం."

వాళ్లమ్మ పక్కన నిలబడి ఉంది పిడుగు. వచ్చి నా ఎదురుగా కూర్చుని, కుడి చెయ్యి చాపింది. ఎడమ చెయ్యి గౌను జేబులో ఉంది.

"ఇది కాదు నాన్నా, ఆ చెయ్యి. నువ్వెప్పుడూ వేసే చెయ్యి."

పిడుగు నా ముఖం వంక చూసింది, చిరిగిన కార్డు వంక చూసింది. జేబులోని చెయ్యి ఇంకా లోపలికి తోసుకుంది.

"ఇదే వేద్దాం టీచర్," అంది గుసగుసగా. "దీనికేం తక్కువ లేదు. ఎవరూ ఏమీ గియ్యక్కర్లేదు."

స్పాంజి నా చేతిలోనే ఉండిపోయింది. వాళ్లమ్మ పెద్ద మేడం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నన్నే చూస్తూ నిలబడింది.