తూకం తప్పిన తూటాలు

ఏప్రిల్ రెండో ఆదివారం పోటీలో నా రివాల్వర్ 'ధన్' అనాల్సింది 'తుస్' అంది. చేతికి తన్ను తగల్లేదు. ఎదురుగా గురి కోసం వేలాడదీసిన ఇనప పళ్ళెం మోగలేదు. అలవాటు కొద్దీ నా వేలు మళ్ళీ ట్రిగ్గర్ మీదికి పోతోంది.

"ఆగు! ఆగు మార్లిస్!" అని వెనక నుంచి రస్ గొంతు చించుకున్నాడు.

మా క్లబ్బులో పోటీలు నడిపేది రస్సే. నా చేతిలోంచి రివాల్వర్ తీసుకుని, గొట్టంలోకి సన్నటి కడ్డీ దూర్చి చూశాడు. కడ్డీ సగంలోనే ఆగిపోయింది. గుండు బయటికి రాకుండా గొట్టంలోనే ఇరుక్కుంది.

"రెండోది కూడా కాల్చి ఉంటే?" అన్నాను.

"గొట్టం చీలిపోయేది. ఆ చేత్తో మళ్ళీ కాఫీ కప్పు పట్టుకునేదానివి కాదు." రస్ నా తూటాల పెట్టె వైపు చూశాడు. "దీంట్లో తుపాకీ మందు పడలేదు. ఎవరు నింపారివి?"

"నేనే. ఇంకెవరు నింపుతారు?"

"నింపేటప్పుడు ఎవరైనా కబుర్లు చెబుతూ కూర్చున్నారా?"

"మా ఇంట్లో నాతో కబుర్లు చెప్పేవాళ్ళెవరున్నారు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను మాత్రం వెనక బల్ల మీద కూర్చున్న మా ఆడపడుచు ఆర్డిత్ వంక చూశాను. అంతమందీ ఉలిక్కిపడి లేచి నిలబడితే, ఆమె ఒక్కతే కదలలేదు. కళ్ళు మూసుకుని కూర్చుంది, ఎప్పుడో రావాల్సిన ఉత్తరం ఇప్పుడొచ్చినట్టు.

ఆ మొహం నా మనసులో ముల్లులా దిగింది.

ఆర్డిత్ నా భర్త లైల్‌కు అక్క. మైల్స్ సిటీలో వృద్ధాశ్రమంలో ఇరవై రెండేళ్ళు ముసలివాళ్ళకు సేవ చేసి, మోకాళ్ళు అరిగాక మానేసింది. లైల్ పోయిన రెండేళ్ళకు 'ఈ చలికాలం ఉండి వెళ్తాను' అని ఒక పెట్టెతో వచ్చింది. చలికాలాలు రెండు వెళ్ళాయి కానీ ఆమె వెళ్ళలేదు. నాకూ పొమ్మనాలనిపించలేదు. లైల్ వీలునామాలో, నా తర్వాత ఇల్లు అక్కకు చెందాలని రాశాడు. ఆ మాట నాకు నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తురాలేదు. ఆ ఆదివారం ఇంటికొస్తూ, ఆమె బండిలో ఆమె పక్కన కూర్చుని ఉండగా గుర్తొచ్చింది.

"ఏంటి, మాట్లాడవు?" అంది ఆర్డిత్.

"చెయ్యి ఇంకా ఉందా అని చూసుకుంటున్నా."

"కొన్నాళ్ళు ఆ తూటాల ప్రెస్సు జోలికి పోకపోతే నయం."

"ఎందుకు?"

"ఎందుకేంటి! ఇవాళ చూశావుగా" అని ఆమె బండి వేగం పెంచింది.

ప్రెస్సు లైల్‌ది. నేలమాళిగలో, కిటికీ కింద బల్లకు బోల్టులు వేసి బిగించి ఉంటుంది. ఒక గుండ్రటి పళ్ళేన్ని ఊహించుకోండి. దాని అంచున ఖాళీ ఇత్తడి గుల్లలు నిలబడి ఉంటాయి. పక్కనున్న పిడిని ఒక్కసారి కిందికి లాగితే, ఒక గుల్లలోకి నిప్పు రాజేసే ప్రైమర్ దిగుతుంది, రెండోదాంట్లో మందు పడుతుంది, మూడోదాని మీద గుండు కూర్చుంటుంది, నాలుగోదాని మూతి బిగుస్తుంది. పిడి వదిలేశాక పళ్ళేన్ని బొటనవేలితో ఒక్క గడి తిప్పాలి. కొత్త ప్రెస్సుల్లో అదే తిరుగుతుంది, మాది పాతది. తిప్పడం మరిస్తే ఒకే గుల్లలో మందు రెండుసార్లు పడుతుంది. రెండుసార్లు తిప్పితే మధ్యలో గుల్లకు మందే పడదు. ఏది జరిగినా ప్రమాదమే. లాగు, వదులు, తిప్పు. చేతులకు అంతకు మించి పని లేదు, కానీ మనసు అక్కడే ఉండాలి.

లైల్ పోయాక అది దుమ్ముకొట్టుకుని పడి ఉంటే, ముక్కలు ముక్కలుగా విప్పి తుడిచి మళ్ళీ బిగించింది నేనే. మూతి బిగించే అచ్చును పావు చుట్టు, పావు చుట్టు తిప్పుకుంటూ సరిచూడడానికి మూడు రోజులు పట్టింది. ఒక వారమంతా మందు పోయకుండా ఉత్తినే నడిపాను. ఆ తర్వాత పది గుల్లల్లో పడిన మందును విడివిడిగా తూచి, పదీ ఒకే తూకం వచ్చాకే మొదటి తూటా చేశాను. ఇరవై ఆరేళ్ళుగా మా ఊరి స్కూలు బస్సు నడుపుతున్నాను, ఒక్క అద్దం గీసుకుపోయిన పాపాన పోలేదు. నా వల్ల మందు పడకపోవడమా? నమ్మలేకపోయాను.

మర్నాడు పెట్టెలు దించి లెక్కపెట్టాను. నేను పెట్టెకు నూరు చొప్పున సర్దుతాను. ఒక పెట్టెలో తొంభై ఆరున్నాయి. ఇంకోదాంట్లో తొంభై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టినా అంతే.

అటు పక్కింటి ఎమిల్ కంచె దగ్గర నన్ను పట్టుకున్నాడు. ఎనభై దాటిన మనిషి, చెవులు మాత్రం కుందేలు చెవులు.

"మీ వదిన కింద ఏం చేస్తోందమ్మా? నువ్వు బస్సుకు వెళ్ళాక, తొమ్మిదయ్యేసరికి మొదలు, టక్ టక్ టక్. శవపేటిక చేయిస్తున్నావా ఏంటి?"

"ఎవరికి?"

"నాకైతే కాస్త పొడుగ్గా చెయ్యమను. కాళ్ళు ముడుచుకుని పడుకోలేను."

నవ్వాననుకుంటాను. కానీ ఆ టక్ టక్ రోజంతా నా తలలోనే మోగింది.

బుధవారం పొద్దున, కంకర రోడ్డు మలుపు తిరుగుతూ అద్దంలో చూస్తే, దూరంగా ఆకుపచ్చ పికప్పు ట్రక్కు. ఆర్డిత్‌ది. నేను ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది. గురువారమూ అంతే. నా తప్పులు పట్టి స్కూలువాళ్ళకు చెప్పాలనా? ఉద్యోగం ఊడితే ఇల్లు వదిలిపోతాననా? లేకపోతే తూటాతో కాని పని ఇంకోలా అవ్వాలనా? అనుమానం పెనుభూతమని మా అమ్మ అనేది. నా భూతం అప్పటికే ఇంట్లో తనకో కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కదిపాను.

"వదినా, పొద్దున ఎటైనా వెళ్ళావా?"

"ఎటు వెళ్తాను ఈ మోకాళ్ళతో?"

"నీ బండికి మోకాళ్ళు బాగానే ఉన్నట్టున్నాయి. నా బస్సు వెనకే పరిగెత్తుకొచ్చింది."

ఆర్డిత్ బంగాళాదుంపల గిన్నె నా వైపు జరిపింది. "పాలకని వెళ్ళాను."

"ఫ్రిజ్‌లో రెండు డబ్బాలున్నాయి."

"ఇప్పుడు మూడున్నాయి. తాగు."

ఆమె వండింది తినబుద్ధి కాలేదు. ఆమె ముందు తిన్నాకే నేను ముద్ద ఎత్తాను. అది ఆమె గమనించింది. గమనించి, తన కంచం తీసుకుని లేచిపోయింది. అది నా అనుమానానికి ఆజ్యం పోసింది. పడుకునే ముందు నేలమాళిగ తలుపుకు అడుగున నల్ల దారం ఒకటి అడ్డంగా అంటించాను. శుక్రవారం పిల్లల్ని స్కూల్లో దింపి, రోజూలా కాఫీ హోటల్‌కు పోకుండా తిన్నగా ఇంటికొచ్చాను.

పికప్పు వాకిట్లో ఉంది. దారం తెగి ఉంది. కింద టక్, టక్.

బూట్లు విప్పి, మేజోళ్ళతో మెట్లు దిగాను. ఆర్డిత్ నా బల్ల ముందు, నా స్టూలు మీద, లైల్ కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా తూకపు యంత్రం. పక్కన నా తూటాల పెట్టె మూత తీసి ఉంది. చేతిలో ప్లాస్టిక్ సుత్తి. దాని తలలో తూటా బిగించి దుంగ మీద కొడితే, గుండు, మందు ఊడి వస్తాయి.

"దొరికావు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "రస్ అరవకపోతే ఈపాటికి నా చెయ్యి ఉండేది కాదు. ఇల్లు కావాలంటే అడగొచ్చుగా వదినా! తూటాల్లో మందు తీసెయ్యడం దేనికి?"

ఆర్డిత్ సుత్తి కింద పెట్టింది.

"ఇల్లా? ఈ ఇల్లా?" అంది. "కప్పు కారుతుంది, ఆ పక్క గోడ బీటలు. నాకెందుకే ఇది?"

"మరి ఇదేంటి?"

"నువ్వు చేసినవి తూస్తున్నా. తేడా ఉన్నవి విప్పి చూస్తున్నా. ఇవి చూడు." ఒక పాత కాఫీ డబ్బా నా ముందుకు జరిపింది. అందులో ఆరు విప్పిన తూటాలు, ఒక్కోదాన్ని చిన్న కవర్లో పెట్టి తారీఖు రాసి ఉంది. నాలుగింట్లో మందు రవ్వంత కూడా లేదు. రెండింట్లో అంచు దాకా ఉంది. "ఆ ఆదివారందొకటి నా కన్ను తప్పిపోయింది. పెట్టెలన్నీ చూశాననుకున్నా."

"నువ్వే పోసి, నువ్వే తీసి, నా మీద పెడుతున్నావు."

"ఇలా అంటావనే చెప్పలేదు."

ఫోను తీసి నా చేతిలో పెట్టింది. మెట్ల మీద నిలబడి తీసిన వీడియో అది. బల్ల ముందు నేను. లాగుతున్నాను, వదులుతున్నాను, బొటనవేలితో తిప్పుతున్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ వాటి వెనక ఎవరూ లేరు. పెదాలు ఏదో నములుతున్నట్టు మెల్లగా కదిలాయి. కింద అంకెలు నడుస్తున్నాయి. పదకొండు సెకన్లు. తర్వాత ఏమీ జరగనట్టు నా బొటనవేలు పళ్ళేన్ని ఇంకో గడి తిప్పింది, నా చెయ్యి పిడి లాగింది.

నాకు ఆ రోజు గుర్తుంది. ఆ పదకొండు సెకన్లు గుర్తు లేవు.

"ఆశ్రమంలో చాలామందిని చూశాను ఇలా" అంది ఆర్డిత్. "మూర్ఛలో ఒక రకం. పడిపోరు, కొట్టుకోరు. కాసేపు ఉండరు, అంతే. మార్చి మొదట్లో గిన్నెలు కడుగుతుంటే మొదటిసారి చూశాను."

మార్చి మొదట్లో. ఆ మాట విన్నాక నాకు కిందటి వారం గుర్తొచ్చింది. స్టాపు బోర్డు దగ్గర ఆగాను. వెనక సీట్లోంచి ఒకటో తరగతి పిల్ల 'ఇక పోనియ్యి, ఎవరూ రావట్లేదు' అని అరిస్తే బస్సంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. అప్పుడు నేను ఎంతసేపు లేనో ఎవరికి తెలుసు?

"ఆరు వారాలు" అన్నాను. కూర్చోవడానికి ఏదీ దొరక్క మెట్టు మీద కూర్చున్నాను. "ఆరు వారాలుగా నీకు తెలుసు. బస్సులో పంతొమ్మిది మంది పిల్లలు. నువ్వు వెనక పికప్పు వేసుకుని వచ్చావు. నేను కాలవలోకి తోలేస్తే ఏం చేసేదానివి వదినా? హారన్ కొట్టేదానివా?"

"తెలీదు."

"తెలీదా!"

"ఇంట్లో కూర్చోలేకపోయాను. లైల్ పోయాక నిన్ను పొద్దున్నే మంచం మీంచి లేపింది ఆ బస్సొక్కటే. అది తీసేసే మనిషిని నేనవ్వాలా అని... ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నా." ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "తప్పే. దాన్ని ఇంకేమనాలో నాకు తెలీదు."

నేను ఆమెను ఓదార్చలేదు. అంత మంచిదాన్ని కాను. మెట్లెక్కి వంటింట్లోకి వెళ్ళి బస్సు షెడ్డుకు ఫోన్ చేశాను. మధ్యాహ్నం నేను రాను, వేరేవాళ్ళను పంపమన్నాను. "జలుబా?" అన్నారు. "కాదు. తాళాలు తెచ్చిస్తాను" అన్నాను. తాళాలు ఇవ్వడానికి కూడా ఆర్డితే తీసుకెళ్ళాల్సి వచ్చింది. నడిపే హక్కు నాకు లేదని అప్పటికి నాకే అర్థమైంది.

బిల్లింగ్స్ పట్నంలో డాక్టర్ తలకు తీగలు అంటించి చూసి ఆర్డిత్ చెప్పిందే చెప్పాడు. రోజుకు రెండు మాత్రలు. ఆరు నెలలు ఏ బండీ నడపకూడదు, స్కూలు బస్సు ఇక ఎప్పటికీ కాదు. తిరిగి రెండు గంటల దారి. పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు ఆమె నాకొక కాఫీ తెచ్చింది. ఆమె ముందు తాగేదాకా చూడకుండా తాగేశాను.

పిల్లల తల్లిదండ్రులకు నేనే చెప్పాను, స్కూలు హాల్లో నిలబడి. కొందరు వచ్చి కావలించుకున్నారు. ఆ ఒకటో తరగతి పిల్ల తల్లి మాత్రం నా మొహం చూడకుండా వెళ్ళిపోయింది. ఆమెది తప్పని నేననను. నేను కూర్చున్నాక ఆర్డిత్ లేచింది. నేను లేవమనలేదు.

"మార్లిస్‌కు తెలీదు. నాకు తెలుసు" అంది. "ఆరు వారాలు తెలిసి ఊరుకున్నాను. తిట్టాలంటే నన్ను తిట్టండి."

తిట్టారు కూడా. ఇంటి దగ్గర బండి దిగుతూ, రాత్రికి ఏం వండుదాం అని అడిగాను.

జూన్‌లో ప్రెస్సు విప్పి అమ్మేద్దామంది ఆర్డిత్. నేను వద్దన్నాను. పోటీలకు నేను వెళ్తాను కానీ ఇప్పుడు మార్కులు రాస్తాను. కాల్చేది ఆమె. గురి దారుణం, ఇనప పళ్ళేనికి ఆమె పేరు కూడా తెలీదని రస్ అంటాడు. శనివారం పొద్దున్నే నేలమాళిగలో పిడి లాగేది ఆమె. పక్కన చిన్న లైటు పట్టుకుని ప్రతి గుల్లలోకి తొంగి చూసేది నేను.

"ఆగు. దాంట్లో మందు పడిందా?"

"పడింది. నువ్వే చూశావుగా!"

"చూశాననుకుంటున్నా. మళ్ళీ చూడనీ."

"నీ అనుమానంతో చస్తున్నానే" అంటుంది ఆర్డిత్, పళ్ళేన్ని తిప్పకుండా ఆగి.