మెట్ల కింద టైలరు

ఫోన్ మోగేసరికి నేను కుక్కర్ మూతకి రబ్బరు తొడుగుతున్నాను. మా ఆయన. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"దరఖాస్తులో 'దుకాణం ఎక్కడ' అని ఒక గడి ఉంది కదా, అందులో ఏం రాశావు?"

"మెట్ల కింద అని. మావయ్య చెప్పిందే రాశాను. ఏం?"

"అది పాత షాపు ఎక్కడుండేదని కాదు తల్లీ. కొత్త బిల్డింగులో ఎక్కడ కావాలని."

వీధి కూలగొట్టినప్పుడు షాపులు పోయినవాళ్ళకి కొత్త గదులిచ్చే దరఖాస్తు అది. పెళ్ళయిన వారానికే, చదువుకున్న కోడలు కదా అని నా చేతికిచ్చారు. మావయ్యకి మోకాళ్ళు అరిగిపోయాయి. గదులకి తీసే చీటీల్లో పైఅంతస్తు వస్తే కుట్టుపని మానేసి మిషన్ అమ్మేస్తానని ఎప్పుడో చెప్పేశారు.

"ఇప్పుడెలా?"

"ఎలా ఏముంది, ఇచ్చేశారు. అందరూ రోడ్డువైపు గదులు అడిగి చీటీల్లో పడ్డారు. మెట్ల కింద అడిగింది మనమొక్కళ్ళమే. గేటు పక్కనే."

కుక్కర్ సంగతి మర్చిపోయి అక్కడే కూలబడ్డాను. గది ఎక్కడొస్తుందోనని రెండు నెలలుగా మోస్తున్న బరువు ఒక్కసారిగా దిగింది.

నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో ఆ వీధిలో రెండు గొడుగులు ఎదురుపడితే ఒకటి ముడుచుకోవాల్సిందే. గడియారాల కొట్లో ఏ రెండూ ఒకే టైము చూపించేవి కావు. వాన పడితే చెప్పులు చేతిలోకి వచ్చేవి. పళ్ళ డాక్టరు మేడ మెట్ల కింద మావయ్య మిషన్ ఉండేది. నా బ్యాగు జిప్పు అక్కడే కుట్టించాను, మూడుసార్లు. మూడోసారి నేనే తెంపాను. సాయంత్రాలు షాపులో వాళ్ళబ్బాయి ఉండేవాడు మరి.

తర్వాత వీధంతా కూలగొట్టి, రెండేళ్ళు రేకులు కట్టేశారు. ఇప్పుడు వెడల్పాటి బాట, బెంచీలు, మూతలున్న కాలువలు, షాపులన్నిటికీ కలిపి కొత్త బిల్డింగు. పాత కళ పోయిందని చాలామంది అంటారు. నాకైతే బాగుంది. ఇద్దరం చేతులు పట్టుకుని పక్కపక్కనే నడవచ్చు. ఒకప్పుడు డాక్టరు మేడ ఉన్న చోటికి రాగానే మాత్రం ఇద్దరి అడుగులూ నెమ్మదిస్తాయి.

మావయ్య కిటికీ దగ్గర ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తున్నారు. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగారు.

"ఎన్ని మెట్లు ఎక్కాలి?"

"ఒక్కటీ లేదు మావయ్యా. మెట్లన్నీ మన నెత్తిమీదే."

ఆయన కళ్ళద్దాలు తీసి, చేతిలోని ప్యాంటుకే తుడుచుకున్నారు.

"ముప్పై ఏళ్ళు మెట్ల కింద కూర్చున్నది చాల్లేదు కాబోలు," అంది అత్తయ్య. అంటూనే మిషన్ మీద దుమ్ము దులపడం మొదలుపెట్టింది.

"చూశావా, కోడలు తప్పు రాసినా ఒప్పే అవుతుంది. నువ్వు ఒప్పు చెప్పినా తిట్టినట్టే ఉంటుంది," అన్నారు మావయ్య. అత్తయ్య దులిపే గుడ్డ ఆయన భుజం మీద పడింది.

"రేపు పదింటికి తాళం ఇస్తారట," అన్నాను.

"అయితే తొమ్మిదింటికే మిషన్ బండెక్కిద్దాం. అమ్మాయ్, నువ్వు ఆ కాలేజీ బ్యాగు పట్టుకురా. కొత్త షాపులో మొదటి పని నీ జిప్పే."

"అది బాగానే ఉంది కదా మావయ్యా."

"దానికేం, తెంపుకురా. నీకు అలవాటైన పనేగా."