వెంపలి మడి

మంచు ఆరకముందే మూడు సాళ్లు కోసేసింది చాంద్‌బీ. వెంపలి కాయ తడిగా ఉన్నప్పుడే చేతికి లొంగుతుంది, పొద్దెక్కితే చిట్లి గింజలన్నీ నేలపాలు. ప్రత్తిపాడు పక్కనున్న ఆ సర్కారు తోటలో ఈ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆవిడే అందరికీ చెప్పింది, అడక్కపోయినా చెప్పింది. పొట్టి మనిషి, యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా ముళ్ల గీతలు. మొగుడు చనిపోయిన ఏడు కూలికి వచ్చి, పన్నెండేళ్లుగా అక్కడే పాతుకుపోయింది.

బీళ్లలో వాటంతటవే పూసే మొక్కల్లో వేటి విత్తనం పండించి రైతులకు అమ్మవచ్చో తేల్చడం ఆ తోట పని. తంగేడు, వెంపలి, ఇంకా నాలుగైదు రకాలను మళ్లు కట్టి పెంచుతున్నారు. వెంపలిని పచ్చిగా దున్ని కలిపితే నేలకు బలం. ఆ ఊదాపూల మడి చాంద్‌బీది. మిట్టమధ్యాహ్నం ఎండకు కూడా కాయ చిట్లని మొక్క కనిపిస్తే దానికి ఎర్రదారం కట్టి, మరుసటేడు దాని గింజే చల్లేది. నాలుగేళ్లకు మడిలో సగం మొక్కలు కాయ రాల్చడం మానేశాయి. ఆ ముక్క ఆవిడ గొప్పగానే చెప్పుకునేది. చెప్పుకోవలసిందే మరి.

ఇప్పుడు ఆ మడికే ఎసరు పెట్టారు. కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన అసిస్టెంటు చెంచురామయ్య నూరు గింజలు తడిగుడ్డలో వేస్తే పదకొండే మొలిచాయి. మొలవని విత్తనం ఎవరు కొంటారు? రేపు మడి దున్నించేయమని కాగితం రాసిపెట్టాడు.

తొమ్మిదింటికి ఆయన వచ్చేసరికి చాంద్‌బీ దారికి అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో తడిగోనె చుట్ట.

"మీరు కొత్తవి, నున్నటివి ఏరి మరీ వేశారండి. దాని తోలు రాయిలా ఉంటదండి. నీళ్లు లోపలికి ఎట్టా పోతాయి? నేను రోట్లో ఇసకేసి పైపైన నూరాను. అయిదు రోజులైంది. ఇవీ నూరు గింజలే, మొలకలు లెక్కెట్టుకోండి."

"నిన్నెవరు నూరమన్నారు?"

"ఎవరూ అనలేదండి. ఎండాకాలమంతా ఇసకలో దొర్లితేనేగా అది వానలకి బీట్లో మొలిచేది? ఆ పని మనం చెయ్యొద్దా?"

చెంచురామయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని గోనె విప్పాడు. ఎనభై నాలుగు. మళ్లీ లెక్కపెట్టాడు, మారలేదు. ఆ సేపంతా చాంద్‌బీ ఏమీ పట్టనట్టు తంగేడు మడి వైపు చూసింది. మనిషి మంచివాడే. ముఖం ఎర్రబడినా, జేబులోని కాగితం తీసి చింపేశాడు.

"మడి ఉంటుందమ్మా. ఎట్లా నూరావో చెప్పు, రాసుకుంటాను."

"రాసుకుంటే వచ్చేది కాదండి. రండి, కూర్చోండి."

చదువుకున్న ఆయన్ని రోటి ముందు కూర్చోబెట్టింది. "గట్టిగా అదమబాకండి, పప్పు చిట్లుద్ది. ఆఁ, అట్టా!" అని గదమాయిస్తుంటే కూలీలందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మధ్యాహ్నం ఇంకో తొమ్మిది మొక్కలకు దారాలు కట్టి, పొద్దు వాలాక ఇంటికి నడిచింది.

కూతురు షాజాదీకి ఇదంతా రెండుసార్లు చెప్పింది. మగ్రిబ్ నమాజు చేసుకుని, "కాసేపాగి తింటాలే" అని మంచం మీద వాలింది. కూతురు అన్నం వడ్డించి పిలిచేసరికి, నిద్రలోనే ప్రాణం పోయింది. ఆ ముఖంలో నొప్పి పడ్డ జాడ లేదు.

మర్నాడు తోటలో నాగలి కదల్లేదు. చెంచురామయ్య చాంద్‌బీ జనాజా వెంట శ్మశానం దాకా నడిచాడు. తిరిగి వస్తుంటే షాజాదీ ఆపి, చిన్న గుడ్డమూట చేతిలో పెట్టింది.

"స్నానం చేయించేటప్పుడు అమ్మ కొంగుముడిలో దొరికినాయండి. దార్లో ఎక్కడో ఏరినట్టుంది. మీ తోటకే అయ్యుంటాయి."

ఏ మొక్కవో ఆయనకు తెలియలేదు, కూలీలకూ తెలియలేదు. ఆఫీసు కిటికీలో, విప్పిన గుడ్డ మీద, పిడికెడు నల్లటి గింజలు నున్నగా మెరుస్తున్నాయి.